చుక్క వెలుగు తగ్గాలని కోడె మొక్కు

ఒక నక్షత్రం వెలుగు తగ్గిపోవాలని, తగ్గినాక మళ్లీ ఎన్నడూ పెరగకూడదని ఆ వానాకాలంలో నేను కోరుకున్నంత గట్టిగా నా జన్మలో ఇంకేదీ కోరుకోలేదు. ఉద్యోగం రావాలని కూడా అంత కోరుకోలేదు. పెళ్లి సంగతి ఇక్కడ ఎత్తను, మా ఆయన చదువుతాడు.

నేను జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కాలేజీ ఉన్న రోజుల్లో కోరుట్లలో అమ్మ దగ్గర ఉండి బస్సులో పోయి వస్తాను. శనివారం సాయంత్రం సిరిసిల్ల బస్సెక్కి మా ఆయన దగ్గరికి పోతాను. ఆయనకు అక్కడ మరమగ్గాల షెడ్డు ఉంది. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచలంటారు. బాపు, అంటే మా నాన్న, దుబాయిలో డ్రైవరు. ఇట్లా మూడు ఊళ్లకూ ఒక పరాయి దేశానికీ పంచుకున్న సంసారం మాది. ఇది చాలదన్నట్టు పీహెచ్‌డీ కూడా నెత్తికెత్తుకున్నాను.

నా పని చీకట్లో ఉన్నవాటిని పట్టుకోవడం. ఆకాశంలో కొన్నిచోట్ల లక్షల నక్షత్రాలు ఒకే ముద్దగా కూడి ఉంటాయి. వాటిని గోళాకార గుచ్ఛాలంటారు. వాటిలో వెలిగేవి మనకు కనబడతాయి, బాగానే ఉంది. మరి వెలగనివో? చల్లారిపోయినవి ఉంటాయి, నక్షత్రం కావడానికి బరువే చాలనివి ఉంటాయి. ఎంత పెద్ద దూరదర్శిని పెట్టి చూసినా అవి కనబడవు. కానీ వాటికి బరువుంది. బరువున్న వస్తువు ఏదైనా తన పక్క నుంచి పోయే వెలుగును కొంచెం వంచుతుంది. అటువంటి చీకటి వస్తువు ఒకటి, చాలా వెనక ఉన్న ఇంకో నక్షత్రానికి సరిగ్గా ఎదురుగా వచ్చిందనుకోండి. వెనకది మూసుకుపోతుందని కదా మనం అనుకుంటాం? మూసుకుపోదు! భూతద్దం పెట్టినట్టు ఇంకా ఎక్కువ వెలుగుతుంది. కొన్నాళ్లు మెల్లగా పెరిగి, ఎట్లా పెరిగిందో సరిగ్గా అట్లాగే తగ్గి, తన మామూలు వెలుగుకు వచ్చి ఊరుకుంటుంది. అడ్డం వచ్చింది తన దారిన తాను పోతుంది. మళ్లీ ఆ రెండూ ఒక వరుసలోకి రావు. దీన్ని మైక్రోలెన్సింగ్ అంటారు. మొదటిసారి దీని గురించి చదివింది బస్సులోనే. చదువుతూ చదువుతూ సీట్లోంచి లేచి నిలబడ్డాను.

"జగిత్యాల ఇంక రాలే మేడం, కూసోండ్రి" అన్నాడు కండక్టరు.

కూర్చున్నాను గానీ నా మనసు కూర్చోలేదు. కనబడని దాన్ని, దాని వెనకవాళ్ల మొహం వెలిగిన తీరును బట్టి పట్టుకోవడం! గుచ్ఛంలో వెతకడంలో ఇంకో సుఖం కూడా ఉంది. గుచ్ఛం ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా కదులుతుందో ముందే తెలుసు. కాబట్టి ఆ వెలుగు ఎన్నాళ్లు నిలిచిందన్నది తెలిస్తే అడ్డం వచ్చినదాని బరువు కూడా లెక్క కట్టొచ్చు. దాన్ని కంటితో చూడకుండా తూచడమన్న మాట. ఇంతకంటే మజా ఇంకెక్కడుంటుంది చెప్పండి.

అయితే ఇందులో ఒక పెద్ద బెడద ఉంది. కొన్ని నక్షత్రాలు ఏ అడ్డమూ లేకుండా వాటంతట అవే వెలిగి తగ్గుతుంటాయి. అది వాటి స్వభావం. వాటికీ వీటికీ తేడా తెలియాలంటే పూర్తిగా తగ్గేదాకా ఆగాలి. పెరిగిన తీరూ తగ్గిన తీరూ ఒకటే ఉండాలి. ఎర్ర ఫిల్టర్‌లో చూసినా నీలం ఫిల్టర్‌లో చూసినా ఒక్కలాగే పెరిగి ఒక్కలాగే తగ్గాలి. ఎందుకంటే గురుత్వానికి రంగుల పక్షపాతం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, మళ్లీ పెరగకూడదు.

నేను ఆగలేదు. మొదటిసారి ఒక నక్షత్రం అట్లా పెరిగి తగ్గేసరికి ఎగిరి గంతేసి అమ్మకు చెప్పేశాను. అమ్మ ఆ సంగతి, నేను ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పిన్నికి చెప్పింది. వాళ్లిద్దరూ కలిసి మా అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తారు, కాబట్టి సాయంత్రానికల్లా గల్లీ మొత్తానికి తెలిసింది. అమ్మ ఇంటింటికీ లడ్డూలు పంచింది. దుబాయిలో బాపు తన రూములో వాళ్లందరికీ దావత్ ఇచ్చాడు. మరుసటి ఏడాది ఆ నక్షత్రం ఎంచక్కా మళ్లీ వెలిగింది. దాని దుంపతెగ! దానికది అలవాటట. అప్పటి నుంచి గల్లీలో పెళ్లయినా, పేరంటమైనా, చివరికి కూరగాయల బండి దగ్గరైనా అమ్మకు ఒకటే ప్రశ్న.

"ఏమాయె వదినె, మీ బిడ్డ సుక్క?"

అమ్మ నవ్వి ఊరుకునేది. ఇంటికి వచ్చినాక మాత్రం గిన్నెలు మోగేవి.

అందుకే రెండోసారి వానాకాలం మొదట్లో ఇంకో నక్షత్రం వెలుగు పెరగడం చూసినప్పుడు నోటికి తాళం వేసుకున్నాను. హైదరాబాద్‌లో ఉండే మా గైడ్ సార్‌కు ఒక్కరికే ఫోన్ చేశాను. ఆయన అంతా విని మెల్లగా అన్నారు.

"చూడమ్మా, ఇది పూర్తిగా కిందికి దిగేదాకా ఎవరికీ చెప్పకు. ఇది కూడా పోయిందంటే ఇక గుచ్ఛాలు వదిలేద్దాం. వాటంతట అవి వెలిగి తగ్గే నక్షత్రాల మీద రాసుకుందువు, తొందరగా అయిపోతుంది."

తొందరగా అయిపోతుందట! నాకు ఒళ్లు మండింది. ఆ మాట ఆయన మంచికే అన్నారని తెలుసు, అయినా మండింది. ఇన్నేళ్లు కళ్లు కాయలు కాసేలా చూసింది తొందరగా అయిపోవడానికా? ఈ ఒక్క నక్షత్రం బుద్ధిగా దిగిరావాలి. లేదంటే నేను బస్సులో లేచి నిలబడ్డ ఆ పని నా చేతిలోంచి పోతుంది.

ఫోటోలు తీసే దూరదర్శిని భూమికి అవతలి వైపు చిలీ కొండల మీద ఉంది. అక్కడ రాత్రయితే మనకు పగలు. నేను జగిత్యాలలో పాఠం చెబుతుంటే అక్కడ నా నక్షత్రాన్ని ఫోటో తీస్తుంటారు. సాయంత్రం కోరుట్లకు వచ్చి కాళ్లు కడుక్కునే సరికి ఆ రోజు ఫోటో వచ్చి ఉంటుంది. దాన్ని కొలిచి, గ్రాఫ్ మీద ఒక చుక్క పెడతాను. పైన మా ఆకాశమేమో మబ్బులతో మూసుకుపోయి ఉండేది. ఆ గుచ్ఛం ఉన్న దిక్కు కూడా నాకు కనబడేది కాదు. అయినా రోజూ ఇంట్లో ఒక కొత్త చుక్క. పెరుగుతోంది, పెరుగుతోంది, పెరుగుతోంది! బస్సులో నాలో నేను నవ్వుకునేదాన్ని. వాకిట్లో ఫోన్ చూసుకుంటూ నవ్వుతుంటే ఖాలా పట్టేసింది.

"ఏంది బేటా, గంత నవ్వుతున్నవ్? దుల్హా మెసేజ్ పెట్టిండా?"

"అవు ఖాలా" అన్నాను. పాపం మా ఆయన ఆ వారం ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు.

అమ్మ ఏమీ అడగలేదు. అక్కడే నేను పొరపడ్డాను. మా అమ్మ ఏమీ అడగలేదంటే అన్నీ తెలుసుకుందన్నట్టు. ల్యాప్‌టాప్ తెరిచి చాయ్ పెట్టుకోవడానికి పోయినప్పుడల్లా ఆవిడ వచ్చి తెర మీద చుక్కలు చూసి పోతోందట. చుక్కలు పైకి పోతున్నన్ని రోజులు అమ్మ మహా హుషారుగా ఉంది. నాకిష్టమని సర్వపిండి చేసింది. నక్షత్రం శిఖరం దాటి కిందికి దిగడం మొదలుపెట్టిందో లేదో, అమ్మ మొహం మాడిపోయింది. నేను గాల్లో తేలుతున్నాను, అమ్మ సరిగ్గా తినడం లేదు. బీపీ గోలీ వేసుకోవడం మరిచిపోయిందేమోనని అడిగితే కసురుకుంది.

ఒక సాయంత్రం గ్రాఫ్ మీద ఆ రోజు చుక్క పెట్టాను. చుక్క కిందికి పోలేదు. పైకి పోయింది. మళ్లీ కొలిచాను. మళ్లీ పైకే. అంటే ఇది కూడా అలవాటున్న నక్షత్రమేనన్న మాట. ఇది కూడా నన్ను ముంచిందన్న మాట. చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను.

అమ్మ లోపల్నుంచి ఉరికి వచ్చింది. నన్ను చూసింది, తెర చూసింది. ఆవిడ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"ఏడుస్తవెందుకే పిచ్చిదానా! మల్ల పెరిగింది సూడు! నా మొక్కు ఇన్నడు రాజన్న!"

"ఏం మొక్కు?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"ఏం మొక్కేంది? నీ సుక్క తగ్గద్దు, ఎప్పటికి గట్లనే ఎలగాలె అని ఏములాడ రాజన్నకు కోడె మొక్కిన. కిందికి దిగుతుంటే నా పానం ఎంత కొట్టుకున్నదో నీకేం ఎరుక!"

మాకు కోడె మొక్కంటే చిన్న సంగతి కాదు. అనుకున్నది జరిగితే వేములవాడలో మేం రాజన్న అని పిలుచుకునే శివుడి గుడికి పోయి, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయాలి. బాపు మొదటిసారి దుబాయి నుంచి క్షేమంగా తిరిగొచ్చినప్పుడు కట్టారు, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కట్టారు. నేను ఏడుస్తున్న సంగతి మరిచిపోయి ఇంతెత్తున లేచాను.

"అమ్మా! తగ్గాలె! అది తగ్గాలె, మల్ల జన్మల పెరగద్దు! ఎవ్వలు మొక్కుమన్నరు నిన్ను? వాపస్ తీస్కో నీ మొక్కు!"

"వాపస్ తీస్కునుడేందే? రాజన్నకు మొక్కింది ఏమన్న ఆన్‌లైన్ల కొన్న చీరనా?"

"మరి నా చదువు ఆగమైతే ఎవలకు చెప్పుకోవాలె?"

"నువ్వే కదనే చెప్పకపోతివి! నోట్లె బెల్లం ముక్క పెట్టుకున్నట్టు కూసుంటివి!"

ఆ మాట నిజమే గనుక నాకింకా కోపం వచ్చింది. ఇద్దరం వాకిలి అదిరేలా అరుచుకున్నాం. ఖాలా గోడ మీద నుంచి తొంగి చూసి, ఇది తన వల్ల తేలే పంచాయితీ కాదని మళ్లీ కిందికి దిగింది.

కోపాలు చల్లారినాక అన్నం దగ్గర కూర్చోబెట్టి అమ్మకు అంతా మొదటి నుంచి చెప్పాను. అమ్మ కంచంలో వేలితో గీతలు గీస్తూ విన్నది. అర్థం కాక కాదు, ఆవిడకు వేరే బాధ పట్టుకుంది.

"గది సరే బిడ్డా. కని సుక్క ఎలుగు పోవాలె అని నోటితోని ఎట్ల అడుగుతరే? ఇంట్ల దీపం పోయినా కొండెక్కింది అంటం గని ఇంకో మాట అనం. అసొంటిది దేవుని ముంగట నిలవడి గట్ల అడుగుతరా?"

అది నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇన్నాళ్లూ అది పడిపోవాలి, దిగిపోవాలి అని యథేచ్ఛగా అంటూనే ఉన్నాను. అమ్మ నోటికి అది దీపం ఆర్పమన్నంత పాపం.

"అది పోదమ్మా" అన్నాను. "దాని ఎలుగు దానికే ఉంటది. ముంగటికి అచ్చిన చీకటిది దానికి కొంచెం ఎక్కువ ఎలుగిచ్చింది, గంతే. గా ఎక్కువది పోవాలె."

అమ్మ కంచం పక్కకు జరిపింది. తర్వాత లేచి చేయి కడుక్కుంది.

"సోమారం ఏములాడ పోయొస్త" అంది.

మరునాడు సార్‌కు ఫోన్ చేసి, మళ్లీ పెరిగిందని చెప్పాను. నా గొంతు విని ఆయన తిట్టలేదు. "ఆ ఒక్క ఫోటో ఎట్లా ఉందో కళ్లతో చూశావా, నంబరు మాత్రమే చూశావా?" అని అడిగారు. చూడలేదు! పెరిగిందన్న దడలో ఫోటో తెరవనే లేదు. తెరిచి చూస్తే నక్షత్రాలన్నీ చెదిరిన మైదా పిండిలా ఉన్నాయి. ఆ రోజు చిలీ కొండ మీద గాలి బాగా లేదు. గుచ్ఛంలో నక్షత్రాలు అసలే ఇరుకిరుకుగా ఉంటాయి. ఫోటో మసకబారితే పక్కదాని వెలుగు కూడా మనదాని ఖాతాలో పడుతుంది. పక్కవాటిని విడదీసి జాగ్రత్తగా కొలిస్తే, నా నక్షత్రం ఎక్కడుండాలో అక్కడే ఉంది. కిందికే దిగుతోంది! కాలేజీ స్టాఫ్ రూములో ఒక్కదాన్నే ఉన్నానని చూసుకుని కుర్చీలో గిర్రున తిరిగాను. అయినా సంబరం ఇంకా తొందరే. మామూలు వెలుగు దాకా దిగాలి. రెండు రంగులూ కలవాలి. అప్పటిదాకా ప్రాణం కుదుటపడదు.

సోమవారం అమ్మ ఒక్కతే బస్సెక్కి వేములవాడ పోయింది. నేను రావాలా అంటే వద్దంది. సాయంత్రం తిరిగొచ్చి చెప్పులు విడుస్తుంటే, ఏం చెప్పావు రాజన్నకు అని అడిగాను.

"తెల్వక అడిగిన, తప్పయింది తండ్రీ అన్న. ముందుగాల మొక్కిన కోడె ఎట్లయినా కడత, అది నీ బాకీ అన్న."

"మరి ఇప్పుడేం అడిగినవ్?"

"ఎవరి ఎలుగు వాళ్లకు ఉంచు అన్న. ఇంకేమంట?"

నేను పీహెచ్‌డీ కోసం రాసుకున్న పేజీల్లో ఎక్కడా అంత సూటి వాక్యం లేదు. చాయ్ పెట్టి తెచ్చి ఆవిడ చేతికిచ్చాను.

ఆ వారమంతా నక్షత్రం దిగుతూనే వచ్చింది. ఆదివారం నేను సిరిసిల్లలో ఉన్నాను. మా ఇల్లూ షెడ్డూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. సాంచలు నడుస్తుంటే మా ఇంట్లో మంచం కూడా సన్నగా వణుకుతుంది. నోట్లో మాట నోట్లోనే పోతుంది, అందుకే సిరిసిల్లలో నేను అరిచి మాట్లాడతానని కోరుట్లలో వెక్కిరిస్తారు. మధ్యాహ్నం అన్నం తిని షెడ్డు గడప మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ రోజు ఫోటో తెరిచాను. ఈసారి ముందు కళ్లతో చూశాను. సూదిమొనల్లా ఉన్నాయి నక్షత్రాలు. కొలిచాను. ఎర్ర ఫిల్టర్‌లో మామూలు వెలుగు. నీలం ఫిల్టర్‌లో మామూలు వెలుగు. రెండు గ్రాఫులనూ ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఎక్కడం, దిగడం, కొస నుంచి కొసకు, ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి!

"తగ్గిందీ!" అని నా సత్తువంతా పెట్టి అరిచాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో నా కేక షెడ్డు ఈ మూల నుంచి ఆ మూలకు పోయి తిరిగొచ్చింది. పనివాళ్లంతా నా వైపు తిరిగారు. తంగళ్ళపల్లి నుంచి రోజూ పనికొచ్చే పెద్దాయన కంగారుగా అడిగాడు.

"ఎవలకు తగ్గిందమ్మా? జెరమా?"

"జెరం కాదే తాతా, సుక్క! సుక్క తగ్గింది!"

మా ఆయన మగ్గం వెనక నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నా మొహం చూసి, నవ్వాలో భయపడాలో తెలియక ఒక క్షణం ఆగాడు.

"తగ్గుడు మంచిదేనా?" అన్నాడు.

"మంచిదే! శానా మంచిదే! ఇగ ఎన్నడు పెరగది!"

"అయితే మంచిదే" అని, ఏమర్థమైందో ఏమో, ఆయన కూడా నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. షెడ్డులో వాళ్లందరికీ ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు.

సార్‌కు గ్రాఫ్ పంపాను. కొంతసేపటికి ఆయనే ఫోన్ చేశారు. దాని బరువు కట్టి చూశారట. సూర్యుడితో పోలిస్తే చిన్న పిసరు. వెలిగీ వెలగని మసక నక్షత్రమో, వెలగడానికే బరువు చాలనిదో, ఆ హద్దు మీద ఉంది. పాత ఫోటోలన్నీ ఇంకోసారి తిరగేయాలి, ఇంకొకరి చేత కొలిపించాలి, పని చాలా ఉందన్నారు. చివర్లో మాత్రం గొంతు మార్చి అన్నారు.

"టాపిక్ మార్చే మాట నేను అనలేదనుకో అమ్మా."

ఆ తర్వాత కోరుట్లకు ఫోన్ చేశాను. అమ్మ మొట్టమొదట అడిగిన మాట నా చదువు గురించి కాదు.

"సుక్క ఉన్నది కదా బిడ్డా? దానికేం కాలే కదా?"

"ఉన్నదమ్మా. దాని ఎలుగు దానికే ఉన్నది."

"హమ్మయ్య" అంది. ఫోన్‌లోనే ఖాలాకు చెప్పడం వినబడింది. లడ్డూలు వద్దని నేను అరుస్తూనే ఉన్నాను, ఫోన్ పెట్టేసింది.

తర్వాతి సోమవారం కాలేజీకి సెలవు పెట్టి అమ్మతో వేములవాడ పోయాను. రెండు కోడెలు. ఒకటి తప్పు మొక్కుకు, ఒకటి సరైన మొక్కుకు. మొదటి కోడె తాడు నేను పట్టుకున్నాను, అది నన్ను లాక్కుని పోయింది. రెండోదాన్ని అమ్మ నాకు ఇవ్వలేదు, తనే తిప్పింది. సన్నగా వాన పడుతోంది. కోడెను కట్టేసే చోట అయ్యగారు అక్షింతలు చేతిలోకి తీసుకుని అడిగారు.

"గోత్రం చెప్పండమ్మా. మొక్కు ఎవరి పేరు మీద?"

నా పేరు చెబుతుందని అనుకున్నాను. బాపు పేరు చెబుతుందేమో అనుకున్నాను. అమ్మ తడిసిన కొంగుతో మొహం తుడుచుకుని, కాసేపు ఆలోచించి, ఆయన వైపు తిరిగింది.

"దానికి పేరు లేదు అయ్యగారూ. సీకట్ల ఉంటది, ఎవ్వలకు అగుపడది. ఒక్కపారి అచ్చి, ఇంకొకలకు ఎలుగిచ్చి పోయింది. నా బిడ్డ సూసింది. దాని పేరు మీదనే చదువుండ్రి."

అయ్యగారు ఒకసారి నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఆయన కళ్లు మూసుకుని, పేరు చెప్పాల్సిన చోట కొంచెంసేపు ఆగి, మంత్రం చదివారు.